జర్మనీలో ఇల్లు: నోటరీ చూసేది, చూడనిది

జర్మనీలో ఇల్లు కొనే తెలుగువారిలో “నోటరీ ఉన్నాడుగా, అన్నీ ఆయనే చూసుకుంటాడు” అన్న మాట ఎంతగా పాతుకుపోయిందంటే, పాతికేళ్ల అప్పు నెత్తికెత్తుకునే ఒప్పందం ముసాయిదానైనా పూర్తిగా చదవకుండా సంతకం పెట్టేవారున్నారు. నోటరీ ముందు కుదిరిన స్థిరాస్తి ఒప్పందాన్ని మనసు మారిందని రద్దు చేసుకునే గడువేదీ చట్టంలో లేదు గనుక, ఈ అపోహ చేసే హాని చేతులు కాలాకే తెలుస్తుంది.

జర్మన్ పౌర స్మృతి 311బి సెక్షన్ ప్రకారం స్థిరాస్తి అమ్మకపు ఒప్పందం నోటరీ సమక్షంలోనే జరగాలి. అయితే ఆయన ఇరుపక్షాల నడుమ తటస్థుడే తప్ప కొనేవారి వకీలు కాడు. స్థానిక న్యాయస్థానం నిర్వహించే గ్రుంట్‌బూఖ్‌ను, అంటే భూమి హక్కుల పుస్తకాన్ని, ఆయన పరిశీలిస్తాడు. ఒప్పందాన్ని ఆసాంతం పైకి చదివి, దాని న్యాయ పర్యవసానాలు వివరిస్తాడు. గోడల్లో చెమ్మ ఉందా, ధర సబబేనా, మేడమీది గదికి అనుమతి ఉందా, నేలలో పాత కర్మాగారపు విషాలు మిగిలాయా అన్నవి ఆయన విధుల్లో లేవు. వీటన్నిటికన్నా తేలిగ్గా కళ్లుగప్పేది బౌలాస్ట్, అనగా స్థల యజమాని భవన నిర్మాణ శాఖకు రాసిచ్చే కట్టుబాటు. పక్కింటికి అగ్నిమాపక వాహనం వెళ్లేందుకు తన స్థలంలో కొంత భాగం ఖాళీగా ఉంచుతానని పాత యజమాని ఎప్పుడో రాసిచ్చి ఉంటే, కొత్త యజమాని అక్కడ గ్యారేజీ కట్టలేడు. పైగా ఈ కట్టుబాటు సాధారణంగా గ్రుంట్‌బూఖ్‌లో కనబడదు, ఆ శాఖ దగ్గరి వేరే దస్త్రంలో ఉంటుంది. బవేరియాలో మాత్రం అలాంటి దస్త్రం లేదు.

సంతకంతోనే ఇల్లు సొంతమవుతుందన్నది కూడా ఇదే కోవకు చెందిన పొరపాటు. యాజమాన్యం గ్రుంట్‌బూఖ్‌లో పేరెక్కినప్పుడే మారుతుంది. అందుకు నెలలు పట్టవచ్చు. ఆ మధ్యకాలంలో యజమాని అదే ఇంటిని మరొకరికి అమ్మజూసినా కొనేవారి హక్కు పోకుండా ఔఫ్‌లాసుంగ్స్‌ఫోర్‌మెర్కుంగ్ అనే ముందస్తు నమోదు కాపాడుతుంది. అది నమోదై, పాత తనఖా విడుదల పత్రాలు అంది, ఇక చెల్లించవచ్చని నోటరీ నుంచి లేఖ వచ్చేదాకా అమ్మేవారికి ఒక్క యూరో కూడా ఇవ్వరాదు. నగదు చెల్లింపును 2023 ఏప్రిల్ 1 నుంచి చట్టమే నిషేధించింది.

లింకు డాక్యుమెంట్లు, ముప్ఫై ఏళ్ల ఈసీ ఇక్కడ అక్కర్లేదన్న నమ్మకంలో మాత్రం నిజముందని ఒప్పుకోక తప్పదు. భారతదేశంలో 1908 నాటి చట్టం కింద రిజిస్టరయ్యేది పత్రమే గానీ హక్కు కాదు. జర్మనీలోనైతే గ్రుంట్‌బూఖ్‌ను నమ్మి సద్భావంతో కొన్నవారికి పౌర స్మృతి 892వ సెక్షన్ రక్షణ ఇస్తుంది. ఆ రక్షణ హక్కుల నమోదుకే గానీ భవనం స్థితికీ, అద్దె ఒప్పందాలకూ వర్తించదు.

అద్దెకున్నవారిని కొన్న మర్నాడే ఖాళీ చేయించవచ్చన్నది పూర్తిగా తప్పు. 566వ సెక్షన్ ప్రకారం అద్దె ఒప్పందం యథాతథంగా కొత్త యజమానికి సంక్రమిస్తుంది. సొంత నివాసానికని నోటీసిచ్చినా, ఎనిమిదేళ్లు దాటి ఉన్నవారికి తొమ్మిది నెలల గడువివ్వాలి. వారు ఉండగానే భవనాన్ని ఫ్లాట్లుగా విడగొట్టి అమ్మితే అలాంటి నోటీసు మూడేళ్లదాకా, బెర్లిన్‌లో పదేళ్లదాకా చెల్లదు. ఇల్లు కొంటే నివాస అనుమతి దొరుకుతుందన్నదీ, విదేశీయులు కొనరాదన్నదీ రెండూ అబద్ధాలే.

బిల్డరు వంటి వ్యాపారి అమ్మేటప్పుడు ముసాయిదా సాధారణంగా సంతకానికి రెండు వారాల ముందే కొనేవారికి అందాలి. మామూలు వ్యక్తి నుంచి కొనేటప్పుడూ అంత వ్యవధి అడిగి తీసుకోవాలి. ఆలోగా బౌలాస్ట్ దస్త్రం, నేల కాలుష్యపు సమాచారం, అద్దె ఒప్పందం తెప్పించుకుని, గ్రుంట్‌బూఖ్ రెండో భాగాన్ని వాక్యం వాక్యం చదవాలి; అమ్మేవారి తల్లికి బతికున్నంతకాలం ఆ ఇంట్లో నివసించే హక్కు ఉంటే అది నమోదై ఉండేది అక్కడే. జర్మన్ పూర్తిగా రానివారు ఆ సంగతి నోటరీకి ముందే చెప్పి దుబాసీని ఏర్పాటు చేసుకోవాలి.