భీవండి గల్లీల్లో నేర్చుకున్న పని

మా నాయిన సిరిసిల్ల నుంచి ముంబై పక్కనున్న భీవండికి వచ్చింది సాంచలు, అంటే మరమగ్గాలు, నడపడానికి. చేతిమగ్గం మీద పూట గడవక కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల పద్మశాలీలు తరాలుగా ఈ ఊరికి వలస వస్తూనే ఉన్నారు. పద్మానగర్‌లో నడుస్తుంటే సిరిసిల్ల బజారులో ఉన్నట్టే తెలుగు వినబడుతుంది. కార్ఖానా సేటుల్లో చాలామంది ముస్లింలు, 1857 తిరుగుబాటు తర్వాత ఉత్తరాది నుంచి వచ్చి స్థిరపడిన మోమిన్ నేతగాళ్ళ వారసులు. నూలు వ్యాపారం ఎక్కువగా గుజరాతీలది, మార్వాడీలది. నూలు రాకపోతే సాంచ ఆగుతుంది, సాంచ ఆగితే అందరి పొయ్యీ ఆరుతుంది.

కలిసి బతికేవాళ్ళ మధ్య మతం గొడవలు రావని చాలామంది నమ్ముతారు. భీవండి ఆ నమ్మకాన్ని రెండుసార్లు కాల్చేసింది. 1970 మే 7న శివజయంతి ఊరేగింపులో రాజుకున్న ఘర్షణ ఎన్నో ప్రాణాలు తీసింది. దాని మీద జస్టిస్ మాదన్ కమిషన్ వేశారు. మళ్ళీ 1984 మేలో, ఈసారి మంట ఠాణె, ముంబైల దాకా పాకింది. నిన్నటిదాకా పక్కపక్క సాంచల మీద నిలబడ్డవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూడలేకపోయారు. ఒకే కప్పు కింద పనిచేయడం వేరు, కష్టం వచ్చినప్పుడు అవతలి మనిషి తలుపు తట్టగలగడం వేరు. రెండోది మాకెవరూ నేర్పలేదు.

అది నేర్పింది, ఆశ్చర్యమేమిటంటే, ఒక పోలీసు అధికారి. 1988లో డిప్యూటీ కమిషనర్‌గా వచ్చిన సురేశ్ ఖోప్డే అప్పటిదాకా నడిచిన పద్ధతిని తిరగేశారు. అంతకుముందు ఊరు మొత్తానికి ఒకటే శాంతి కమిటీ. అందులో నాయకులు, పెద్దమనుషులు. పండగ ముందు, లేదా గొడవ అయ్యాక స్టేషన్‌లో కూర్చుని చాయ్ తాగి, శాంతిగా ఉండమని ప్రకటన ఇచ్చి వెళ్ళేవాళ్ళు. ఖోప్డే సారు గల్లీ గల్లీకీ ఒక మొహల్లా కమిటీ పెట్టించారు, మొత్తం డెబ్బై దాకా. హిందువులు, ముస్లింలు సరిసమానం. రాజకీయ నాయకులను, నేర చరిత్ర ఉన్నవాళ్ళను దూరం పెట్టారు. టీచర్లు, డాక్టర్లు, దుకాణదారులు, కూలీలు సభ్యులు. ఆ ప్రాంతం చూసే పోలీసు అధికారి కూర్చుని నడిపిస్తాడు. అన్నిటికన్నా ముఖ్యం, గొడవ ఉన్నా లేకపోయినా సమావేశం జరగాల్సిందే.

మా వాడలో మొదటి సమావేశాలు నాకింకా గుర్తే. వాళ్ళొక పక్క, మేమొక పక్క కూర్చున్నాం. 1984లో ఇంట్లో మనిషిని పోగొట్టుకున్న ఒక చాచా ఎవరితోనూ మాట్లాడకుండా గోడకానుకుని ఉండేవారు. మతం గురించి ఎవరూ నోరు విప్పలేదు. విప్పింది మున్సిపాలిటీ నల్లా గురించి. నీళ్ళు వచ్చేది కాసేపు, బిందెలు వందల్లో. ఎవరి బిందె ముందు అన్న దాని మీద రోజూ తగాదా. అది తేల్చడానికి చాలా సమావేశాలు పట్టాయి. ఆ తర్వాత మురికి కాలువ, అద్దె పేచీలు, తాగి భార్యను కొట్టే మొగుళ్ళు. శాంతికి ఇవేం సంబంధమని అప్పట్లో కొందరు విసుక్కున్నారు. సంబంధం ఉంది. మతకల్లోలం ఆకాశం నుంచి ఊడిపడదు. నల్లా దగ్గర ఇద్దరు ఆడవాళ్ళ మధ్య మొదలైన మాట, సాయంత్రానికి రెండు గల్లీల మాటవుతుంది. దాన్ని నల్లా దగ్గరే ఆపడం ఒక పనితనం. సాంచ మీద తెగిన దారం ముడేసినట్టు, తెగిన వెంటనే చెయ్యాలి.

1992 డిసెంబర్ 6న అయోధ్యలో మసీదు కూలింది. ఆ డిసెంబర్, తర్వాతి జనవరిలో ముంబైలో 900 మంది చనిపోయారని శ్రీకృష్ణ కమిషన్ తేల్చింది. పక్కనే ఉన్న భీవండి, రెండుసార్లు కాలిన భీవండి, ప్రశాంతంగా ఉంది. ఖోప్డే సారు అప్పటికి బదిలీ అయ్యారు. కమిటీలు మాత్రం ఉన్నాయి. ఆ రాత్రులు మేం చేసింది ఒకటే. పుకారు వస్తే ఒక హిందువు, ఒక ముస్లిం కలిసి వెళ్ళి కళ్ళారా చూసేవాళ్ళు. తిరిగి వచ్చి ఇద్దరూ కలిసే రెండు గల్లీల్లోనూ ఒకే మాట చెప్పేవాళ్ళు. ఒక్కడే వెళ్తే అవతలివాళ్ళు నమ్మరు. గోడకానుకుని కూర్చున్న ఆ చాచాయే ఎన్నోసార్లు నాతో నడిచారు.

భీవండిని చూసి 1994లో ముంబైలోనూ మొహల్లా కమిటీల ఉద్యమం మొదలైంది. పోలీసు కమిషనర్ సతీశ్ సాహ్నీ, మాజీ కమిషనర్ జూలియో రిబేరో, సుశోభా బర్వే దానికి ముందు నిలిచారు.

ఈ పద్ధతికి ఒక లోపం ఉంది, దాచకూడదు. కమిటీ పోలీసుల చేతిలో పుట్టింది. గొడవ పోలీసులతోనే అయితే? 2006 జూలైలో ఖబరస్తాన్ పక్కన పోలీసు స్టేషన్ కట్టడం మీద రగడ లేచింది. కాల్పుల్లో ఇద్దరు పౌరులు చనిపోయారు, మూక చేతిలో ఇద్దరు కానిస్టేబుళ్ళు బలయ్యారు. అధికారి శ్రద్ధ మీద నడిచే కమిటీ ఆయన మారగానే నీరసపడుతుంది. జనం తమదిగా చేసుకుంటేనే అది నిలబడుతుందని నా గట్టి అభిప్రాయం.

ఇప్పుడు పుకారు వాట్సాప్‌లో వస్తోంది. వాడలో కుర్రవాళ్ళను కూర్చోబెట్టి నేను నేర్పేది పాత పాఠమే. చూసిందెవరు? ఎప్పుడు? ఆ గల్లీలో నీకు తెలిసిన మనిషికి ఫోన్ చేశావా? తర్వాత ఇద్దరిని ఎదురెదురుగా కూర్చోబెడతాను. ఒకరు చెప్పింది రెండోవాడు తిరిగి చెప్పి, ‘నువ్వన్నది ఇదేనా?’ అని అడిగాకే జవాబివ్వాలి. వినడానికి తేలికే. కోపంలో ఉన్న ఇరవై ఏళ్ళ పిల్లవాడికి అంతకన్నా కష్టమైన పని లేదు.

హైదరాబాద్‌లోనైనా మరో ఊళ్ళోనైనా వినాయక చవితికి ముందు స్టేషన్‌లో శాంతి కమిటీ మీటింగ్ అంటే తప్పకుండా వెళ్ళండి. నిమజ్జనం అయిపోయాక కూడా నెలనెలా పెట్టమని అక్కడే లేచి అడగండి. మీ పక్క గల్లీలో అవతలి మతం మనిషి ఒకరి నంబరు మీ ఫోన్‌లో ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. లేకపోతే సాయంత్రం వెళ్ళి పరిచయం చేసుకుని తీసుకోండి.