కల్పితలోకములు - అవతారశబ్దవిచారము

ఇంచుమించు నలువది సంవత్సరములనుండి పాశ్చాత్యదేశముల కంప్యూటరు శాస్త్రజ్ఞులు మన పదమొకదానిని దమ పరిభాషలోఁ జేర్చుకొని వాడుచున్నారు. అది ‘అవతార’ శబ్దము. యంత్రముచేఁ గల్పింపఁబడిన లోకమునఁ బ్రవేశించు మనుష్యుఁ డచ్చటఁ దాల్చెడి రూపమునకు వారిడిన పేరిది. ఈ ప్రయోగమును విని యపచారమని రోసెడివారును, పరిహాసమని నవ్వెడివారును మనలోఁ గలరు. ఆ శబ్ద మా యర్థమున సాధువగునా, ఆ లోకములు కథాకథనమునకును, చిత్రాదికళలకును, విద్యాభ్యాసమునకును నెంతవఱ కుపకరించును, ఎచ్చట నపకరించును అను విషయము లిందు సంగ్రహముగా విచారింపఁబడును. పాఠశాలల కిట్టి లోకములు వచ్చుచున్న యీ కాలమునఁ బండితు లీ విచారము చేయనిచో, వానిని విక్రయించువారే చేయుదురు.

మొదట లక్షణము. కల్పితలోకమునకు మూఁడు ధర్మములు గలవు. అనేకులు వేర్వేఱు స్థలములనుండి యొక్కకాలమున నందుఁ బ్రవేశింపఁగలుగుట యొకటి. ఒకఁడు చేసిన మార్పు తక్కినవారికిని గానవచ్చుట రెండవది. ఒకఁడు విడిచిపోయినను లోకము నిలిచియుండుట మూఁడవది. ఈ మూఁడును బూర్ణముగా లేకున్నను, ఒంటరిగాఁ దిరిగి చూడఁదగిన ప్రాచీననగరముల ప్రతిరూపములను గూడ నీ జాతిలోనే చేర్చుట వాడుక. తలకుఁ దగిలించుకొని కన్నుల యెదుట బొమ్మలఁ జూపెడి పరికరమే కల్పితలోకమని కొందఱు తలంతురు. అట్టి పరికరమును 1968లో అమెరికాయందు ఐవాన్ సదర్లాండ్ నిర్మించెను. అది ప్రవేశసాధనములలో నొకటి మాత్రమే, లక్షణము గాదు. ఒక్క బొమ్మయు లేక కేవల మక్షరములతో నిర్మితములైన లోకములును గలవు.

ఇఁక నామము. అద్దమునఁ గానవచ్చు ప్రతిబింబమును భౌతికశాస్త్ర పాఠ్యపుస్తకములు ‘మిథ్యాప్రతిబింబ’ మనుచున్నవి. ఆ మార్గము ననుసరించి వర్చువల్ లోకమును ‘మిథ్యాలోక’ మనవచ్చునా? మిథ్య యనఁగానే వినువానికి నసత్యమే స్ఫురించును. సత్తుగాను, అసత్తుగాను నిర్వచింపరానిదని వేదాంతులు చెప్పు సూక్ష్మార్థము బడిలో నిలువదు. మఱియు వర్చువల్ అను నాంగ్లపదమునకు మూలమైన లాటిను శబ్దము ‘విర్తూస్’. దానికి శక్తి, గుణము అని యర్థము. రూపముచేఁ గాకున్నను ఫలముచేత నున్నట్టిది వర్చువల్. మన ధాతుపాఠమునఁ గృప్ ధాతువు సామర్థ్యార్థమునఁ బఠింపఁబడినది. దాని రేఫమునకు లకారము రాఁగా కల్పన, సంకల్పము, కల్పితము మొదలగు శబ్దములు సిద్ధించుచున్నవి. రెండు భాషలందును శక్తియే మూలార్థము. కావునఁ ‘గల్పితలోక’ మను పేరు యుక్తము. ఈ పేరు లోకమును నిందింపదు, పొగడదు. దాని ఫలమేమో విచారింపుమని మాత్రము చెప్పును.

అవతారశబ్దమునకు వత్తము. తౄ ధాతువు ౠకారాంతము. అట్టి ధాతువులకు భావార్థమున ‘అప్’ ప్రత్యయమును బాణిని తృతీయాధ్యాయ తృతీయపాదమున 57వ సూత్రముచే విధించెను. కాఁబట్టి దిగుట యను క్రియను జెప్పవలసినచో ‘అవతర’ శబ్దమే న్యాయ్యము. దీర్ఘముగల ‘అవతార’ శబ్దమునకుఁ గావలసిన ‘ఘఞ్’ ప్రత్యయము నా పాదముననే 120వ సూత్రము వేఱుగా విధించుచున్నది. ఆ సూత్రము కరణాధికరణముల ప్రకరణములోనిది. అనఁగా అవతారము దిగుట గాదు. దేనిచేత దిగుదురో, దేనియందు దిగుదురో యది. అందుచేతనే వ్యాఖ్యాతలు నదికిని నూతికిని దిగెడి చోటు నుదాహరించిరి. మన తెలుఁగున నది రేవు. ఆ సూత్రమే స్తౄ ధాతువునకును ఘఞ్ విధించి ‘అవస్తార’ శబ్దమును సాధించుచున్నది. దానికి జవనిక, తెఱ యని యర్థము. ఉపసర్గ మొకటి, ప్రత్యయ మొకటి, సూత్ర మొకటి. ఒక శబ్దము లోతునకు దింపెడి మెట్టు, రెండవది కప్పివేయు తెఱ.

1986లో అమెరికాయందు లూకాస్‌ఫిలిం సంస్థ కొఱకు ఛిప్ మార్నింగ్‌స్టార్, రాండీ ఫార్మర్ అనువారు ‘హ్యాబిటాట్’ అను కల్పితలోకమును నిర్మించి, యందలి మనుష్యరూపముల కవతారములని పేరిడిరి. 1992లో వెలువడిన నీల్ స్టీఫెన్‌సన్ నవల ‘స్నో క్రాష్’ ఆ పేరును లోకవ్యాప్తము చేసెను. వారు పాణినీయమును జూచి యీ పేరు పెట్టలేదు. దేవత భూమికి దిగుటయే వారి తలఁపు. అయినను వారి ప్రయోగము సూత్రార్థమునకు సరిపోవుచున్నది. తెఱమీఁది రూపము దిగుట గాదు, దిగుటకు సాధనము. కావున నపచారమనుటకు హేతువు లేదు. మఱి యా సాధనము రేవగుచున్నదా, తెఱ యగుచున్నదా యనునదే యిఁకఁ జూడవలసినది.

కథాకథనమును మొదటఁ జూతము. ఇంగ్లాండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయమున 1978లో రాయ్ ట్రబ్‌షా యను విద్యార్థి యారంభింపఁగా, రిచర్డ్ బార్టిల్ పెంపొందించిన ‘మడ్’ అను లోకము కేవల మక్షరమయము. నీ వీచోట నిలిచియున్నావు, నీ యెదుట నిది గలదు అని యంత్రము వాక్యములఁ జూపును. దీపము గైకొనుము, ఉత్తరమునకుఁ బొమ్ము అను రీతిని ప్రవిష్టుఁడు మాటలచే యంత్రము నాజ్ఞాపించును. వైయాకరణుఁ డిచ్చట నొక విశేషమును గుర్తింపవలయును. పురాణకథనము ప్రథమపురుషమున నడచును. నాటకమునఁ బాత్రలు తమ్ము గూర్చి యుత్తమపురుషమునఁ బలుకుదురు. ఇచ్చటనో కథ యంతయు మధ్యమపురుషమున నడచుచున్నది. దానికి శ్రోత యిచ్చు నుత్తరము విధ్యర్థకక్రియ. శ్రోతయే క్రియకుఁ గర్త.

దీనివలనఁ గథకుని పని మాఱుచున్నది. హరికథకుఁడు సభను బట్టి కథను బెంచును, కుదించును. నాయకుని త్రోవ మాత్రము మార్పఁడు. కల్పితలోకమున నాయకుఁడు శ్రోత గావున నేత్రోవ పట్టునో కథకుఁడు నియమింపలేఁడు. స్థలమును నిర్మించుట, ఇది చేసిన నిది జరుగునని కార్యకారణముల నేర్పఱచుట, ఇంతవఱకే యతని యధికారము. లాభము స్పష్టము: త్రోవ నెన్నుకొన్నవాఁడు ఫలమును మఱవఁడు. నష్టమును గలదు. తన సుఖదుఃఖములకే వశుఁడగుటను అభినవగుప్తుఁడు రసవిఘ్నములలోఁ బరిగణించెను. తన యవతారమునకుఁ గీడు కలుగునని జంకెడి శ్రోతయం దుండునది లౌకికభయమే గాని భయానకరసము గాదు. సాధారణీకరణము లేనిచోట రసము లేదు. కావునఁ గల్పితలోకము నాటకమునకుఁ బ్రత్యామ్నాయము గాఁజాలదు. అది వేఱొక ప్రక్రియ.

ఈ కొఱఁతకు నొక చిత్రకారిణి చూపిన పరిహారము గమనింపఁదగినది. శాన్‌ఫ్రాన్సిస్కోలోని లిండెన్ ల్యాబ్ సంస్థవారు 2003లోఁ బ్రారంభించిన ‘సెకండ్ లైఫ్’ అను లోకమున నిండ్లు, తోఁటలు, వస్త్రములు మొదలగునవి యందుఁ బ్రవేశించినవారే నిర్మించుకొందురు. చీనాదేశీయురాలు త్సావ్ ఫేయ్ అందు సంచరించి, తన యవతారమునకుఁ గలిగిన యనుభవములనే చలనచిత్రముగాఁ గూర్చి ‘ఐ.మిర్రర్’ అను పేర 2007లో వెనిస్ ప్రదర్శనమున నుంచెను. లోపల నుండినప్పు డామె కర్త్రి. బయట నుండి చూచువారు సహృదయులు. లౌకికానుభవము మరల దూరమున నిలిచి యాస్వాద్యమయ్యెను. అదే సంవత్సరమున జర్మనీలోని డ్రెస్డెన్ చిత్రశాలవారు తమ ప్రాచీనచిత్రముల నించుమించు 750 యా లోకమునఁ దమ భవనముయొక్క ప్రతిరూపములోనే వ్రేలఁగట్టిరి. దూరదేశస్థులకు నది రేవు. కాని రంగుపూఁతలోని మిట్టపల్లములు, కుంచెపోటు, వెలుఁగునుబట్టి చిత్రము మాఱుట యిందు దొరకవు. ప్రతిరూపమును జూచి మూలమును జూచితిమని తృప్తిపడినవానికి నదియే తెఱ.

ఇఁక విద్య. తౄ ధాతువునుండియే పుట్టిన తీర్థశబ్దమునకు రేవనియు, గురువనియు నర్థములు గలవు. ఒక గురువునొద్దఁ జదివినవారిని సతీర్థ్యులందుము. కల్పితలోకమున దూరగ్రామములవారు సతీర్థ్యులు గాఁగలరు. ఇది సామాన్యలాభము గాదు. అయిన నిచ్చటనే పెద్ద చిక్కు గలదు.

ప్రాచీనగ్రంథమును బరిష్కరించువాఁడు తాళపత్రము శిథిలమైనచోట గ్రంథపాతమని చుక్కలు పెట్టును. తాను బూరించిన యక్షరములను గుండలీకరించును. పాఠాంతరములను బుటయడుగునఁ జూపును. ఏది కవిదో, ఏది పరిష్కర్తదో చదువరి కెఱుకపడును. నగరమును గల్పించువాని కీ సౌకర్యము లేదు. గోడ కేదో యొక రంగు వేయక తప్పదు. పైకప్పు నేదో యొకరీతిఁ గప్పక తప్పదు. చుక్కలు పెట్టిన వీథిలో నెవఁడును నడువలేఁడు.

బెర్నార్డ్ ఫ్రిషర్ నాయకత్వమున సిద్ధమై 2007లో రోమునగరమునఁ బ్రదర్శితమైన ‘రోమ్ రీబోర్న్’ దీనికి మంచి నిదర్శనము. అది కాన్‌స్టంటైన్ చక్రవర్తికాలమున, క్రీ.శ. 320 నాటి రోమునకుఁ బ్రతిరూపము. అందుఁ గట్టడములు సుమారు 7000. వానిలో స్థలమును రూపమును జక్కఁగ నిర్ధారితములైనవి కొన్ని వందలకు మించవు. తక్కినవి, ఏ పేట నెన్ని యిండ్లు గలవో చెప్పెడి నాలుగవ శతాబ్దిపు జాబితాలు మొదలగు నాధారములనుబట్టి యూహించి నిలిపినవి. నిర్మాతలు నిజాయితీతో వీనిని రెండు తరగతులుగా విభజించి చెప్పిరి. కాని వీథిలోఁ దిరుగు బాలుని కన్నులకు రెండును గట్టడములే. ఈ చిక్కు నెఱిఁగియే పండితులు 2006లో ‘లండన్ ఛార్టర్’ అను నియమావళి నారంభించిరి. దాని సవరించిన పాఠము 2009లో వెలువడెను. ఏయంశ మాధారసిద్ధము, ఏది యూహ, అట్లేల యూహించిరి అనునవి వ్రాసి ప్రకటింపవలయునని దాని సారము. పాఠపరిష్కర్తలకుఁ జిరపరిచితమైన ధర్మమే యిది.

మన కీ విషయము దూరదేశపు ముచ్చట గాదు. ఇక్ష్వాకుల రాజధానియైన విజయపురి వెలసిన నాగార్జునకొండ లోయను 1954 మొదలు 1960 వఱకు ఆర్. సుబ్రహ్మణ్యముగారి యాధ్వర్యమునఁ బురావస్తుశాఖవారు త్రవ్వి పరిశోధించిరి. పిదప నాగార్జునసాగర జలములలో నా లోయ మునిఁగిపోయెను. కొన్ని కట్టడములను విప్పి, నేఁడు ద్వీపమైన కొండపైఁ బునర్నిర్మించిరి. ప్రేక్షాగృహమును అనుపువద్ద నిలిపిరి. కొండపైఁ జేర్చినవానిలో నొక స్నానఘట్టమును గలదు. పాణినీయమునఁ జెప్పిన యవతారమునకు నదియే ప్రత్యక్షోదాహరణము. మెట్లు మిగిలినవి, అవి చేరిన యొడ్డును, వానికి వచ్చిన వీథియు నీటిక్రింద నున్నవి.

అట్టి లోయను విద్యార్థులకుఁ గల్పితలోకముగాఁ జూపుటకంటె నీ విద్యకు సార్థకమైన వినియోగము మఱియొకటి నాకుఁ దోఁపదు. కాని యెట్లు చూపవలయును? ప్రేక్షాగృహపు మెట్ల యమరిక తెలియును. అందు నాట్యమాడిరో, మల్లయుద్ధము జరపిరో, సభ దీర్చిరో నిశ్చయము లేదు. నిర్మాత యచ్చట నటులను నిలిపిన క్షణమున నూహ చరిత్రయై బాలుని మనసున నాటుకొనును. దీనికిఁ బరిహార మా యంత్రమునందే కలదు. అచ్చుపుటలోఁ బాఠాంతర మడుగునఁ జిన్నయక్షరములలో నుండును. కల్పితలోకముననో యొకే యావరణమును మూఁడు విధములుగా నిర్మించి యొకదానివెంట నొకటి చూపవచ్చును. ఊహించిన భాగము నొక ప్రత్యేకవర్ణమునఁ జూపవచ్చును. అంతకంటె మేలు, శాసనపాఠములను, త్రవ్వకముల పటములను విద్యార్థుల చేతికిచ్చి, మీ రిచ్చట నేమి నిలుపుదురు, ఏ యాధారముతో నిలుపుదురు అని ప్రశ్నించుట. అప్పుడు బాలుఁడు చూపఱి గాక పరిష్కర్త యగును.

చివర నొక హెచ్చరిక. మన వాఙ్మయము నిలిచినది పత్రముల దార్ఢ్యముచేతఁ గాదు. పలువురు పలుచోట్లఁ బ్రతులు వ్రాసికొనుటచేత. కల్పితలోకములలోఁ బెక్కింటి కట్టి ప్రతులు లేవు. అవి స్వామియొక్క యంత్రములందుండి, స్వామి యిచ్ఛచే నడఁగిపోవును. గూగుల్ సంస్థవారు 2008 జూలైలోఁ బ్రారంభించిన ‘లైవ్లీ’ యను లోకము నా సంవత్సరాంతముననే మూసివైచిరి. కావునఁ బాఠశాలలవారు పటములను, ఆధారపత్రములను, విద్యార్థుల రచనలను వేఱుగా భద్రపఱచుకొనవలయును.

పాఠశాల కిట్టి లోకము వచ్చినప్పుడు పండితులు మూఁడు ప్రశ్న లడుగుదురు గాక. ఇందు ఊహ యెంత, అది యెచ్చటఁ దెలుపఁబడినది? ఇది మూఁతపడిన మనకు మిగులున దేమి? ఇందుండి వెలికివచ్చిన బాలుఁడు నిజమైన శాసనమును, నిజమైన చిత్రమును, నిజమైన గ్రంథమును జేరుటకుఁ దొందరపడుచున్నాఁడా, లేక మరల నిందే చొరఁబాఱుచున్నాఁడా? మూఁడవ ప్రశ్నకు నుత్తరము తరగతిలోని యుపాధ్యాయునకే తెలియును. అట్టి యుత్తరములను బత్రికాముఖమునఁ బ్రకటించి, దోషము లున్న సవరించి, విజ్ఞు లీ విచారమును ముందునకు సాగింతురని ప్రార్థించుచున్నాను.