వరుసలో మనిషికి బదులు చీటీ

వేసవికాలంలో వీధి కుళాయి దగ్గర బిందెల వరుస మీరు చూసే ఉంటారు. నీళ్ళు ఎప్పుడు వస్తాయో తెలియదు. అయినా తెల్లవారేసరికి రంగురంగుల ప్లాస్టిక్ బిందెలు బారులు తీరి ఉంటాయి. వాటి యజమానులు అక్కడ ఉండరు. ఒకరు పొయ్యి దగ్గర ఉంటారు, ఒకరు పిల్లలకు జడలు వేస్తుంటారు. బిందె వాళ్ళకు బదులుగా వరుసలో నిలబడుతుంది. నీళ్ళు వచ్చాయన్న కేక వినపడగానే అందరూ పరుగెత్తుకొని వచ్చి ఎవరి బిందె దగ్గర వారు నిలుస్తారు. మనిషి లేకపోయినా అతని వంతు ఉంటుందన్న ఈ ఒప్పందాన్ని ఎవరూ కాగితం మీద రాయలేదు. అయినా అందరూ పాటిస్తారు. ఎవరైనా బిందెను పక్కకు జరిపితే వీధంతా ఏకమై పోట్లాడుతుంది.

ఇదే ఒప్పందాన్ని ప్రపంచంలోని అతి పెద్ద వినోద స్థలాలలో ఒకటి 1999లో యంత్రాల సహాయంతో అమలు చేసింది.

సినిమా బొమ్మల రూపకర్త వాల్ట్ డిస్నీ 1955 జూలై 17న అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, అనహైమ్ అనే ఊరిలో డిస్నీలాండ్‌ను ప్రారంభించాడు. మొదటి రోజు ఆహ్వానం ఉన్నవారే రావలసి ఉండగా, దొంగ టికెట్లతో ఎందరో లోపలికి చొరబడ్డారు. ఆ విధంగా జనసమ్మర్దం ఆ స్థలానికి పుట్టుకతోనే వచ్చింది. కొన్ని నెలలకు నిర్వాహకులు టికెట్ల పుస్తకాలు అచ్చువేశారు. వాటిలో ఎ, బి, సి అని తరగతులు ఉండేవి. చిన్న చిన్న వాటికి ఎ టికెట్ చాలు. అందరూ ఎక్కాలని ఉబలాటపడే వాటి కోసం 1959లో ఇ టికెట్ వచ్చింది. పుస్తకంలో ఇ టికెట్లు కొన్నే ఉండేవి కాబట్టి పిల్లలు వాటిని జాగ్రత్తగా దాచుకొని వాడేవారు. 1982 నాటికి ఈ పుస్తకాలు పోయి, ప్రవేశ రుసుము ఒక్కసారి చెల్లిస్తే ఏదైనా ఎన్నిసార్లయినా ఎక్కవచ్చుననే పద్ధతి స్థిరపడింది. వినటానికి ఇది గొప్ప సౌకర్యమే. కాని అంతకుముందు కోరికకు అడ్డుకట్టగా టికెట్ ఉండేది. ఇప్పుడు ఆ పని చేయటానికి మిగిలింది వరుస ఒక్కటే.

వరుస పొడవు వెనుక ఒక లెక్క ఉన్నది. డెన్మార్క్ దేశస్థుడైన ఎర్లాంగ్ అనే గణితజ్ఞుడు కోపెన్‌హాగెన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేస్తూ, ఒకేసారి ఎందరు ఫోను చేస్తే ఎన్ని తీగలు కావాలన్న ప్రశ్న మీద 1909లో ఒక వ్యాసం ప్రకటించాడు. వరుసల శాస్త్రానికి అదే ఆరంభమని చెబుతారు. తరువాత 1961లో అమెరికా ఆచార్యుడు జాన్ లిటిల్ ఒక సులువైన సూత్రాన్ని నిరూపించాడు. దానిని మనం ఈ విధంగా వాడుకోవచ్చు: వరుసలో ఉన్నవారి సంఖ్యను, గంటకు ఎందరు లోపలికి పోతున్నారన్న సంఖ్యతో భాగిస్తే ఎదురుచూడవలసిన కాలం వస్తుంది. మీ ముందు 600 మంది ఉన్నారనుకోండి. ఆ బండి గంటకు 1,200 మందిని ఎక్కించుకొంటుందనుకోండి. మీకు అరగంట పడుతుంది. అంతే.

కాబట్టి బండి ఎంత వేగంగా పోతుందన్నది వరుసను నిర్ణయించదు. గంటకు ఎన్ని సీట్లు, వాటిని కోరేవారు ఎందరు అన్నవే నిర్ణయిస్తాయి. ఫ్లోరిడా రాష్ట్రంలో 1971లో డిస్నీ సంస్థ తెరచిన మేజిక్ కింగ్‌డమ్ పార్కులో పీటర్ పాన్ కథను చూపే ఒక సవారీ ఉన్నది. చిన్న ఓడలాంటి తొట్టిలో కూర్చుంటే అది పైకప్పుకు వేలాడుతూ, దీపాలు వెలిగే లండన్ నగరం బొమ్మ మీదుగా మెల్లగా సాగుతుంది. పసివాళ్ళు కూడా ఎక్కవచ్చు. అయితే ఒక్కొక్క ఓడలో పట్టేది కొద్దిమందే. అందుచేత గుండె ఝల్లుమనిపించే బండ్ల దగ్గర ఉన్నంత వరుస ఈ జోలపాట వంటి సవారీ దగ్గర కూడా ఉంటుంది.

1999లో ఫ్లోరిడా పార్కులలో ఫాస్ట్‌పాస్ అనే చీటీ వచ్చింది. ముఖ్యమైన సవారీల ముందు యంత్రాలు పెట్టారు. ప్రవేశ టికెట్‌ను యంత్రంలో దూర్చితే ఒక చిన్న చీటీ బయటికి వచ్చేది. ఏ గంటకు తిరిగి రావాలో దానిమీద ఉండేది. ఆ గంటలోపల ఎప్పుడు వచ్చినా వేరే ద్వారం గుండా త్వరగా లోపలికి పంపేవారు. అదనపు రుసుము లేదు. తరువాతి చీటీ ఎప్పుడు తీసుకోవచ్చో కూడా దానిమీదే అచ్చయి ఉండేది. అందువల్ల ఉదయమే పది చీటీలు పోగుచేసుకోవటం కుదిరేది కాదు.

2005 ప్రాంతంలో ఒక తెలుగు కుటుంబం ఆ పార్కుకు వెళ్ళిందనుకొందాం. తండ్రి, తల్లి, పన్నెండేళ్ళ అమ్మాయి, అయిదేళ్ళ అబ్బాయి. కొడుకును చూడటానికి బళ్ళారి నుంచి వచ్చిన అవ్వ. అమ్మాయికి స్పేస్ మౌంటెన్ ఎక్కాలని కోరిక. చీకటి గుహలో నక్షత్రాల మధ్య దూసుకుపోయే బండి అది. దాని ముందు ఒక కొలత పలక ఉంటుంది. 44 అంగుళాల, అంటే సుమారు 112 సెంటీమీటర్ల ఎత్తు లేనివారిని ఎక్కనివ్వరు. తమ్ముడు మునివేళ్ళ మీద నిలబడినా పలకను అందుకోలేదు. వరుస గంటన్నర ఉన్నది. తండ్రి అయిదు టికెట్లూ తీసుకొని యంత్రం దగ్గరికి పోయి, కావలసిన మూడు చీటీలు పట్టుకొని వచ్చాడు.

"అవ్వా, ఇప్పుడు ఎక్కకూడదట. మూడున్నరకు రమ్మంటున్నారు" అన్నది అమ్మాయి.

"అంతదాకా ఇక్కడే నిలబడాలా?"

"అక్కరలేదు. మనకు బదులు ఈ చీటీ నిలబడుతుంది."

అవ్వ చీటీని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఓసి, కుళాయి దగ్గర బిందె మాదిరా!" అన్నది.

సరిగ్గా అదే. ఆ మూడు కాగితపు ముక్కలు వాళ్ళకు ఉదయమంతా విడిచిపెట్టాయి. అన్నం తిన్నారు, నీడన కూర్చున్నారు, మూడు గంటలకు బయలుదేరే ఊరేగింపు చూశారు. అవ్వ మోకాళ్ళకు ఆ నీడన కూర్చోవటమే అన్నింటికన్నా పెద్ద వినోదం. ఈ పద్ధతి వల్ల మేలు జరగలేదని ఎవరూ అనలేరు.

ఊరేగింపుకు ముందు వాళ్ళు పీటర్ పాన్ ఓడ ఎక్కాలనుకొన్నారు. స్పేస్ మౌంటెన్ చీటీ చేతిలో ఉన్నది కాబట్టి మరొకటి అప్పుడే రాదు. మామూలు వరుసలో నిలబడ్డారు. ముందు పెద్దగా జనం లేరు, తొందరగానే అయిపోతుందనుకొన్నారు. పదిహేను నిమిషాలయినా నాలుగు అడుగులు కదలలేదు. పక్క ద్వారం నుంచి మాత్రం చీటీలు పట్టుకొన్నవాళ్ళు ఆగకుండా పోతున్నారు.

"అమ్మా, వాళ్ళు మనకన్నా వెనుక వచ్చారు కదా, ముందెందుకు పోతున్నారు?" అన్నాడు అబ్బాయి.

"వాళ్ళ దగ్గర చీటీ ఉంది నాన్నా. సాయంత్రం అక్కావాళ్ళు కూడా అక్కడ అట్లాగే పోతారు."

"అప్పుడు ఎవరు నిలబడతారు?"

తల్లి జవాబు చెప్పలేదు. అవ్వ ఇనుప కమ్మీకి ఆనుకొని కాలు మార్చుకొన్నది.

అబ్బాయి అడిగిన ప్రశ్నకు లెక్కలో జవాబు ఉన్నది. ఒక బండి గంటకు 1,200 మందిని ఎక్కించుకొంటుందని మళ్ళీ అనుకొందాం. వాటిలో 800 సీట్లు చీటీవారికి కేటాయించారు. మామూలు వరుసకు మిగిలినవి 400. మీ ముందు 200 మందే కనపడుతున్నారు. చీటీలు లేని రోజులలో అయితే పది నిమిషాలలో మీ వంతు వచ్చేది. ఇప్పుడు అరగంట. కంటికి కనపడే వరుస పొట్టిదే. కాని కనపడని మనుషులు మీ ముందు ఉన్నారు. వాళ్ళు ఎక్కడో ఐస్‌క్రీం తింటున్నారు, వాళ్ళ బిందెలు మాత్రం ఇక్కడ ఉన్నాయి. ఇటువంటి పార్కులలో ప్రతి ద్వారం ముందు ఎదురుచూసే కాలాన్ని నిమిషాలలో చూపే పలక ఎందుకు అవసరమో దీనివల్ల తెలుస్తుంది. వరుస పొడవు చూసి అంచనా వేసే పాత విద్య అక్కడ పనికిరాదు.

చీటీ వచ్చినంత మాత్రాన బండికి ఒక్క సీటు కూడా పెరగలేదన్నది గుర్తుంచుకోవలసిన సంగతి. మధ్యాహ్నపు రద్దీలో కొంత భాగాన్ని రాత్రి వేళకు మళ్ళిస్తే, లేకుంటే ఖాళీగా తిరిగే సీట్లు కొన్ని నిండుతాయి. ఆ మేరకు నిజమైన లాభం ఉన్నది. మిగిలినదంతా ఒకరి దగ్గరి నుంచి తీసి మరొకరికి ఇవ్వటమే. వరుస నుంచి విడుదలైనవాళ్ళు గాలిలో కలిసిపోరు కదా. మరొక సవారీ వరుసలోకో, అంగడిలోకో పోతారు. అందుకే ఇటువంటి పద్ధతి వస్తే దారులు, చిన్న సవారీలు కూడా కిక్కిరిసిపోతాయి.

ఆ సాయంత్రం తండ్రీకూతుళ్ళు స్పేస్ మౌంటెన్ ఎక్కి వచ్చారు. తల్లి అబ్బాయితో బయట కూర్చున్నది. తరువాత తండ్రి పిల్లవాడిని చూసుకొంటూ ఉంటే, మూడవ చీటీతో తల్లి వెళ్ళింది. చిన్నపిల్లలున్న తల్లిదండ్రుల కోసం అక్కడ మరొక నియమం కూడా ఉన్నది. ఒకరు ఎక్కి వచ్చిన తరువాత రెండవవారు మళ్ళీ వరుసలో మొదటినుంచి నిలబడనక్కరలేదు. పసివాడిని ఒంటరిగా వదలలేరు కాబట్టి ఈ మినహాయింపును ఎవరూ తప్పుపట్టరు.

అన్ని మినహాయింపులూ అంత సజావుగా నడవలేదు. నడవలేనివారిని, వరుసలో నిలబడలేనివారిని వెంటనే లోపలికి పంపే సౌకర్యం ఆ పార్కులలో ఉండేది. కొందరు ధనికులు డబ్బిచ్చి వికలాంగులను వెంట తీసుకొని పోయి, ఆ దారిన తామూ ముందుకు పోతున్నారని 2013లో పత్రికలలో వార్తలు వచ్చాయి. ఆ సంవత్సరం అక్టోబరులో సంస్థ పాత పద్ధతి మార్చింది. అప్పటినుంచి అటువంటివారికి కూడా, మామూలు వరుసలో ఎంతసేపు పడుతుందో దాదాపు అంతసేపటి తరువాత రమ్మని సమయం ఇచ్చారు. కొందరు చేసిన మోసానికి నిజంగా అవసరమున్నవారు మూల్యం చెల్లించారు.

కాగితం చీటీలు కూడా ఎక్కువ కాలం నిలవలేదు. 2013, 2014 సంవత్సరాలలో చేతికి కట్టుకొనే పట్టీలు, ఫోనులో ముందుగా ఎంపిక చేసుకొనే విధానం వచ్చాయి. మూడు సవారీలను 30 రోజుల ముందే నిర్ణయించుకోవచ్చు. సంస్థవారి హోటలులో దిగేవారికి 60 రోజులు. అయిదేళ్ళ పిల్లవాడికి రెండు నెలల తరువాత ఏ గంటకు ఏది ఎక్కాలనిపిస్తుందో ఏ తల్లి చెప్పగలదు? అయినా చెప్పినవారికే మంచి సమయాలు దొరికాయి. కరోనా వల్ల 2020 మార్చిలో పార్కులు మూతపడ్డాయి. తిరిగి తెరిచినప్పుడు ఈ ఉచిత సౌకర్యం రాలేదు. 2021 అక్టోబరులో దాని స్థానంలో రుసుము చెల్లించే పద్ధతి వచ్చింది. ఫ్లోరిడాలో ఆరంభ ధర మనిషికి రోజుకు 15 డాలర్లు. పైన చెప్పిన కుటుంబానికి 75 డాలర్లన్నమాట, అదీ ప్రవేశ రుసుముకు అదనంగా. 2024లో పేరు మారింది, ముందస్తు ఎంపిక మళ్ళీ వచ్చింది, రుసుము మాత్రం పోలేదు. తెల్లవారక ముందే లేచి బిందె పెట్టినవాడి వంతు డబ్బున్నవాడి వంతుగా మారటానికి ఇరవై రెండేళ్ళు పట్టింది.

మన దేశంలోనూ ఇటువంటి రెండు ద్వారాలు ఉన్నాయి. బెంగళూరు దగ్గర బిడదిలో 2005లో, హైదరాబాదు దగ్గర 2016లో, భువనేశ్వర్ దగ్గర 2024లో తెరచిన వండర్‌లా పార్కుల సంస్థ మామూలు టికెట్‌తోపాటు ఎక్కువ ధరకు ఫాస్ట్ ట్రాక్ టికెట్లు అమ్ముతుంది. తిరుపతిలో భక్తులకు దర్శన సమయం ముద్రించిన టోకెన్లు ఇస్తారు. కంపార్టుమెంట్లలో గంటల తరబడి కూర్చోవటం వాటివల్ల తగ్గుతుంది. కాని టోకెన్ కోసం కూడా ఒక వరుస ఉంటుంది. 2025 జనవరి 8న వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం తిరుపతిలో చేరిన జనంలో తొక్కిసలాట జరిగి ఆరుగురు భక్తులు మరణించారు. వరుసను తప్పించటానికి ఇచ్చే చీటీని ఎక్కడ, ఏ విధంగా పంచాలన్నది చిన్న విషయం కాదు.

మీ ఊరి జాతరలో జెయింట్ వీల్ దగ్గర ఈ లెక్కను మీరే వేసి చూడవచ్చు. పన్నెండు తొట్లు, తొట్టికి నలుగురు, అంటే 48 మంది. ఎక్కించి, తిప్పి, దించటానికి ఆరు నిమిషాలనుకొంటే గంటకు 480 మంది. మీ ముందు 240 మంది ఉంటే అరగంట. గడియారం పెట్టుకొని నిలబడండి. నలభై నిమిషాలు పట్టిందంటే, నిర్వాహకుడు పక్క సందులోంచి తనకు తెలిసినవారిని ఎనభైమంది దాకా ఎక్కించి ఉంటాడు.