నల్లా వచ్చింది, క్యాన్ పోలేదు

నల్గొండ జిల్లా పడమటి మండలాల్లో ఓ ఊరు. ఆ ఇంటి వాకిట్లో రెండు రకాల నీళ్లున్నాయి. నల్లా కింద సిమెంటు గోలెం నిండా కృష్ణా నీళ్లు, అరుగు మీద 20 లీటర్ల క్యాన్‌లో ఫిల్టర్ నీళ్లు. గోలెంలోవి బట్టలకు, గిన్నెలకు, బర్రెకు. క్యాన్‌లోవి తాగడానికి. మనవడు బండి మీద తెచ్చి దింపిన క్యాన్‌ను అవ్వ తనంతట తాను వంచుకోలేదు. నడుము నేలకేసి ఒంగిపోయింది. ఎదుటి మనిషి ముఖం చూడాలంటే గోడ పట్టుకుని ఒళ్లంతా పక్కకు తిప్పుకోవాలి.

"నల్లా నీళ్లు తాగవా అవ్వా?"

"మందు వాసన కొడతయ్ బిడ్డా. ఫిల్టర్ నీళ్లు తియ్యగుంటయ్."

ఆ నడుమును వంచింది నీళ్లే. మర్రిగూడ, చింతపల్లి, నాంపల్లి, మునుగోడు మండలాల కింద పరుచుకున్నది గ్రానైటు. వాన తక్కువ. రాళ్ల సందుల్లో ఏళ్ల తరబడి నిలిచిన నీరు ఫ్లోరైడ్‌ను కరిగించుకుంటుంది. చేదబావులు ఎండి, బోర్లు లోతుకు దిగేకొద్దీ బెడద పెరిగింది. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరాదు. పిల్లల పళ్లకు గార పడుతుంది, పెద్దయ్యాక కీళ్లు బిగుస్తాయి, వెన్ను ఒంగుతుంది. ఒంగిన ఎముకను నిలబెట్టే మందు లేదు. మన దేశంలో ఈ జబ్బు తొలిసారి నమోదైంది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. అంటే ప్రభుత్వాలకు ఈ సంగతి కొత్త కాదు.

విరుగుడుకు నల్గొండ జిల్లా పేరే పెట్టారు. నాగపూర్‌లోని నీరి సంస్థ 1970ల్లో రూపొందించిన పద్ధతిని 'నల్గొండ టెక్నిక్' అంటారు. నీళ్లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి తిప్పాలి, మడ్డి అడుగుకు దిగాక పై నీళ్లు తీసుకోవాలి. ఇంట్లో రెండు బకెట్లతో కూడా చేసుకోవచ్చు. చవకైనది, తెలివైనది. కానీ పటిక రోజూ వేయాలి, నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో చూసి వేయాలి, మడ్డి రోజూ తీసి పారబోయాలి. అందుకు ఒక మనిషి, ఆ మనిషికి జీతం కావాలి. ప్లాంటు కట్టడానికి ఒకసారి నిధులు వస్తాయి. పటిక కొనడానికి ప్రతి నెలా ఎవరిస్తారు? ఈ ప్రశ్న దగ్గరే ఆ పద్ధతి చాలాచోట్ల చతికిలబడింది.

ఈలోగా కృష్ణమ్మ ఈ పల్లెల పక్క నుంచే హైదరాబాద్‌కు వెళ్లింది. అక్కంపల్లి రిజర్వాయర్ నీళ్లను కోదండాపూర్‌లో శుద్ధి చేసి, నసర్లపల్లి, గోడకొండ్ల మీదుగా 2004 నుంచి నగరానికి తోడుతున్నారు. నగరానికి నీళ్లు వద్దని ఎవరూ అనరు. కానీ చింతపల్లి మండలంలోని గోడకొండ్ల దాకా వచ్చిన నీళ్లు పక్క పల్లెల గొంతులోకి దిగడానికి మరో పుష్కరం పట్టింది. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ కడుపు రగులుతుంది.

అంతకుముందు జనం అడగలేదా అంటే, దేశం ఉలిక్కిపడేలా అడిగారు. దుశ్చర్ల సత్యనారాయణ నడిపిన జలసాధన సమితి పిలుపుతో 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండ నుంచి నామినేషన్లు వెల్లువెత్తాయి. చివరికి బరిలో 480 మంది. బ్యాలెట్ కాగితం పుస్తకమైంది, పోలింగ్ వాయిదా పడింది. అదే ఏడాది చట్టం మారి లోక్‌సభ అభ్యర్థి డిపాజిట్ 500 రూపాయల నుంచి 10,000కు పెరిగింది. నీళ్ల కన్నా ముందు డిపాజిట్ పెంపు వచ్చింది.

నీళ్లు వచ్చింది తెలంగాణ ప్రభుత్వ పథకం మిషన్ భగీరథతో. 2015 జూన్‌లో చౌటుప్పల్‌లో పైలాన్ ఆవిష్కరించారు, 2016 ఆగస్టులో గజ్వేల్ దగ్గర కోమటిబండలో ప్రధాని పథకాన్ని ప్రారంభించారు. 40,000 కోట్ల రూపాయలకు పైగా అంచనా. అందులో సింహభాగం హడ్కో, నాబార్డ్, బ్యాంకుల నుంచి తెచ్చిన అప్పు. 19,205 కోట్లు ఇమ్మని నీతి ఆయోగ్ సిఫారసు చేసినా కేంద్రం ఆ సాయం చేయలేదు. 2015లో రాష్ట్రంలో 967గా ఉన్న ఫ్లోరైడ్ ఆవాసాలు 2020 నాటికి సున్నాకు వచ్చాయని కేంద్రం లెక్కే చెప్పింది. ఇది చిన్న విజయం కాదు. ఇక్కడ పుట్టే బిడ్డకు పళ్ల మీద గార పడనక్కర్లేదు.

అయితే పైపు వేసిన అప్పు వేరు, పైపులో నీళ్లు పారించే ఖర్చు వేరు. 2019లో మొదలై, గడువును 2028 దాకా పెంచుకున్న కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్‌ కూడా ఈ చిక్కునే ఎదుర్కొంటోంది. ఊళ్లో లీకేజీలు, వాల్వులు, మోటారు, బ్లీచింగ్ అన్నీ పంచాయతీ మీదే పడతాయి. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం ఇచ్చిన గ్రాంటులో 30 శాతం తాగునీటికేనని నియమం ఉండేది. కానీ ఎన్నికైన పాలకవర్గం ఉంటేనే ఆ డబ్బు విడుదలయ్యేది. తెలంగాణలో సర్పంచుల పదవీకాలం 2024 ఫిబ్రవరిలో ముగిశాక ఏడాదిన్నరకు పైగా పంచాయతీలు ప్రత్యేకాధికారుల చేతుల్లోనే నడిచాయి. అన్ని రోజులూ జనం నీళ్లు తాగుతూనే ఉన్నారు.

అవ్వ వీధిలో గేట్ వాల్వు తిప్పే కుర్రవాడే చెత్త ట్రాక్టరూ నడుపుతాడు, మోరీలూ తీస్తాడు. నా కోసమని క్లోరోస్కోపు పట్టుకొచ్చాడు. నల్లా నీళ్లు చిన్న గాజు గొట్టంలో పట్టి రెండు చుక్కల మందు వేస్తే, నీరు లేత పసుపుకు తిరిగింది. క్లోరిన్ చివరి ఇంటిదాకా చేరిందని దానర్థం. లీటరుకు 0.2 మిల్లీగ్రాములైనా మిగలాలి. అవ్వ వద్దంటున్న మందు వాసన అదే, ఆ నీళ్లకు కాపలా కాస్తున్నదీ అదే. ఈ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. యాభై ఏళ్లు నేలలోంచి వచ్చిన నీళ్లు విషమని విన్న మనిషి, నల్లాను ఒక్క రోజులో నమ్మాలనడం న్యాయం కాదు.

కుర్రవాడు గోడ పక్కన మోకాళ్ల మీద కూర్చుని గొట్టాన్ని అవ్వ కళ్ల ముందు పెట్టాడు. ఆమె చాలాసేపు చూసింది.

"రోజూ తెచ్చి చూపెడతవా కొడుకా?"

"సీసాల మందు ఉన్నన్ని రోజులు తెస్త అవ్వా. అయిపోతే పంచాయతీ కొనాలె."