కుదురులేని చూపు

బీచుపల్లి యొద్ద కృష్ణానది పైకి ప్రశాంతముగ నున్నను, సుడిని చూచి అడుగున బండ గలదని ఈదువారు ఊహింతురు. దేహమందును అట్లే; కంటి కదలిక లోపలి వ్యాధిని తెలుపవచ్చును.

అరుదుగా కొందఱు పసిపిల్లల కనుగ్రుడ్లు ఉన్నట్లుండి నలుదిక్కులకు గంతులు వేయును, కాలుసేతులు అదరును, నడక తడబడును. 1962లో మార్సెల్ కిన్స్‌బోర్న్ అను వైద్యుడు ఈ వ్యాధిని వర్ణించెను. ఇట్టి పిల్లలలో సుమారు సగముమందికి మూత్రపిండముపైనో వెన్నెముక ప్రక్కనో న్యూరోబ్లాస్టోమా అను కాన్సరు గడ్డ దాగియుండును. దానితో పోరాడవలసిన రక్షకశక్తియే పొరబడి మెదడును బాధించునని శాస్త్రజ్ఞుల అభిప్రాయము.

కంటి అదురంతయు కాన్సరు కాదు. అయినను దిష్టి తీసి ఊరకుండరాదు. వెంటనే వైద్యునికి చూపవలెను. గడ్డను కనుగొని తీసివేసినచో ప్రాణము దక్కుటయే తఱచు. చికిత్స ఆలస్యమైనచో మాట, చదువు కుంటుపడవచ్చును.