మొహం కనబడని కార్డు ఎవరికి కావాలి? ఆటగాళ్ల కార్డుల్లో కలెక్టర్లకు నచ్చని డిజైన్ల కథ

ఈద్ రెండో రోజు టెక్కలిలో మా ఆపా ఇంటికి వెళ్లాను. షీర్ ఖుర్మా ఇంకా తాగనే లేదు, వాళ్లబ్బాయి చాప మీద క్రికెట్ కార్డులు పరిచేశాడు. ఎనిమిదో తరగతి చదువుతున్నాడు. కార్డులన్నీ రెండు కుప్పలు చేశాడు. ఒకటి ఉంచుకునేవి, రెండోది ఎవరైనా అడిగితే ఇచ్చేసేవి. రెండో కుప్పలో పేరున్న ఆటగాళ్లే ఉన్నారు.

"ఏట్రా, ఇతను బాగానే ఆడతాడు కదా?" అన్నాను.

"ఆడతాడు మామూ, కార్డే బాలేదు. మొహం కనబడదు, చుట్టూ పసుపు. మా స్కూల్లో దీన్ని ఎవడూ మార్చుకోడు."

ఈదీగా వచ్చిన డబ్బులో సగం ఈ ప్యాకెట్లకే అయిపోయిందని ఆపా బాధ. మిగిలిన సగం మీద కూడా వాడి కన్ను పడింది. ఫోన్‌లో ఎవరో ఒక మెరిసే కార్డు పెట్టి 'చాలా రేర్, 3 వేలు' అన్నారట. "నువ్వు బీకాం చదివావు కదా, నువ్వే చెప్పు వీడికి" అని ఆపా కేసు నా మీద పెట్టింది. నేను వెంటనే ఏమీ చెప్పలేదు. పలాస వచ్చాక వారం రోజులు దీని మీద కూర్చున్నాను. కలెక్టర్లు ఏ డిజైన్లను తిట్టుకుంటారో, ఎందుకు తిట్టుకుంటారో తెలిస్తే ఆ 3 వేల సంగతి కూడా తేలిపోతుందని అర్థమైంది.

సిగరెట్ పెట్టెలో పుట్టింది

ఈ కార్డులు పిల్లల కోసం పుట్టలేదు. పాత రోజుల్లో సిగరెట్ ప్యాకెట్లు మెత్తటి కాగితంతో ఉండేవి. లోపల సిగరెట్లు నలగకుండా ఒక అట్టముక్క పెట్టేవారు. అట్ట ఎలాగూ పెడుతున్నాం, దాని మీద బొమ్మ వేస్తే జనం మళ్లీ మళ్లీ కొంటారు కదా అని కంపెనీలకు తట్టింది. ఇంగ్లండ్‌లో విల్స్ కంపెనీ 1896లో 50 మంది క్రికెటర్లతో ఒక సెట్ వేసింది. తర్వాత సిగరెట్ పోయి బబుల్ గమ్ వచ్చింది, కొనేవాళ్లు పెద్దవాళ్ల నుంచి పిల్లలకు మారారు.

మన దగ్గర 80ల్లో పెరిగినవాళ్లను అడగండి, బిగ్ ఫన్ బబుల్ గమ్‌తో వచ్చే క్రికెటర్ల బొమ్మలు చెబుతారు. వాటి మీద రన్లు, వికెట్లు ఉండేవి, కూడబెడితే బహుమతి. నా వయసువాళ్లకైతే ట్రంప్ కార్డులు. రెజ్లర్ల ఎత్తు, బరువు, ఛాతీ, ర్యాంకు చెప్పి ఎదుటివాడి కార్డు లాక్కోవడమే ఆట. మా అబ్బా ఒకరోజు చూసి, గెలిచినవాడు కార్డు ఇంటికి పట్టుకుపోతే అది జూదమే అని ఆపించేశారు. ఆడుకోండి, ఆట అయ్యాక ఎవరివి వాళ్లకు ఇచ్చేయండి అన్నారు. ఆ రూలు మా వీధిలో చాలాకాలం నడిచింది. అప్పుడు మాకు నచ్చని కార్డంటే అంకెలు తక్కువున్న కార్డే. డిజైన్ ఎవడు చూశాడు!

అందరూ తిట్టే సెట్లు

డిజైన్ గురించి పెద్ద ఎత్తున కొట్టుకునేది అమెరికాలో బేస్‌బాల్ కార్డుల వాళ్లు. అక్కడ 'చెత్త డిజైన్' అనగానే ముందు వినిపించే పేరు 1991 ఫ్లీర్ సెట్. ప్రతి కార్డుకూ కళ్లు చెదిరే పసుపు అంచు. ఆటగాడి జెర్సీ నీలమైనా, ఎరుపైనా చుట్టూ అదే పసుపు. మా వాడి మాట గుర్తొచ్చి నవ్వుకున్నాను. టెక్కలి ఎనిమిదో తరగతి కుర్రాడు, అమెరికా కలెక్టరు ఒకే మాట మీద ఉన్నారు.

దాని పక్కనే 1990 డాన్‌రస్. ఎర్రటి అంచు, దాని మీద రంగు చిలకరించినట్టు చుక్కలు. 1995 ఫ్లీర్ కథ ఇంకోలా ఉంది. అక్కడి లీగ్‌లో ఆరు డివిజన్లు ఉంటే, ఒక్కో డివిజన్‌కు ఒక్కో డిజైన్ వేశారు. ఆల్బమ్ తిప్పుతుంటే ఆరు కంపెనీల కార్డులు కలిసిపోయినట్టు ఉంటుంది. రంగుల గోలలో ఆటగాడు ఎక్కడున్నాడో వెతుక్కోవాలి.

అన్నింటి మీదా అందరిదీ ఒకే మాట కాదు. 1955లో బౌమన్ కంపెనీ ఆటగాడి ఫొటోను చెక్క టీవీ సెట్‌లో పెట్టినట్టు కార్డు వేసింది. టీవీ అప్పటికి కొత్త వస్తువు. ఫొటో చిన్నదైపోయింది, చెక్క ఎక్కువైందని కొందరు ఇప్పటికీ విసుక్కుంటారు, కొందరు ప్రాణం పెడతారు. నాకైతే నచ్చింది. మా నానీ ఇంట్లో తలుపులున్న టీవీ గుర్తొచ్చింది.

అసలు కోపం దేని మీద?

వీళ్ల ఫిర్యాదులు చదివితే ఒక సంగతి తేలుతుంది. 'అందంగా లేదు' అన్నది పైమాట. లోపలి మాట, కార్డు మనల్ని మోసం చేసినట్టుంది అని.

పెయింట్ వేసిన ఫొటోలు చూడండి. సీజన్ మధ్యలో ఆటగాడు టీమ్ మారితే కొత్త జెర్సీలో ఫొటో దొరకదు. పాత ఫొటో తీసి టోపీ మీద, చొక్కా మీద కొత్త టీమ్ రంగులు పూసేవారు. 1977 టాప్స్ సెట్‌లో రెగ్గీ జాక్సన్ కార్డు ఇలాంటిదే. ఫొటో బాల్టిమోర్‌లో ఆడినప్పటిది, పైన పూసింది న్యూయార్క్ యాంకీస్ జెర్సీ. మనకు దీన్ని అర్థం చేసుకోవడం కష్టం కాదు. మన హైదరాబాద్ సిరాజ్ 2024 వరకు బెంగళూరు జెర్సీలో ఉన్నాడు, 2025లో గుజరాత్‌కు వెళ్లాడు. ఆ ఎర్ర చొక్కా ఫొటో మీదే నీలం పూసి అమ్మితే పిల్లలు ఒక్క నిమిషంలో పట్టేస్తారు.

ఇంకోటి గుర్తు లేని జెర్సీ. కార్డు వేయడానికి ఆటగాళ్ల అనుమతి వేరు, లీగ్ అనుమతి వేరు. పానినీ కంపెనీ బేస్‌బాల్ కార్డుల్లో ఆటగాడు ఉంటాడు, టోపీ మీద టీమ్ గుర్తు మాత్రం ఉండదు. లీగ్ లైసెన్స్ లేదు కాబట్టి తీసేయాల్సి వచ్చింది. కార్డు అసలుదే, అయినా చూస్తే నకిలీలా ఉంటుంది.

సంతకాల కార్డుల్లో కూడా తేడా ఉంది. ఆటగాడు నేరుగా కార్డు మీదే సంతకం పెడితే విలువ. చాలా కార్డులకు స్టిక్కర్ల షీటు మీద సంతకాలు చేయించి తర్వాత అతికిస్తారు. ఆ కార్డును ఆటగాడు చేత్తో ముట్టుకోనే లేదన్నమాట. జెర్సీ ముక్క పెట్టిన కార్డులైతే వెనక్కి తిప్పి చిన్న అక్షరాలు చదవాలి. ఈ బట్ట ఏ ఒక్క ఆటగాడికి గాని, మ్యాచ్‌కు గాని సంబంధించింది కాదు అనే అర్థంతో రాసి ఉన్నవి బోలెడు. అంటే మీరు కొన్నది గుడ్డముక్క.

నచ్చకపోతే ధర పడిపోతుందా?

ఇక్కడ నా బీకాం కొంచెం పనికొచ్చింది. పసుపు ఫ్లీర్ కార్డులకు ఈరోజు పెద్దగా రేటు లేకపోవడానికి పసుపు ఒక్కటే కారణం కాదు. 80ల చివర, 90ల మొదట్లో అమెరికాలో కార్డులు పెట్టుబడి అని జనం ఎగబడ్డారు. కంపెనీలు లెక్క లేకుండా ముద్రించాయి. అందరూ భద్రంగా దాచుకున్నారు. అందరి దగ్గరా ఉన్న వస్తువును ఎవరు కొంటారు? ఆ కాలానికి కలెక్టర్లు 'చెత్త కాలం' అనే అర్థంలో పేరు కూడా పెట్టుకున్నారు.

దీనికి ఎదురు ఉదాహరణ 1986 ఫ్లీర్ బాస్కెట్‌బాల్ సెట్. ఎరుపు, తెలుపు, నీలం అంచులతో అదీ ఆర్భాటంగానే ఉంటుంది. అయినా అందులోని మైకేల్ జోర్డాన్ కార్డు, చిన్న గీత కూడా లేనిది, 2021 జనవరిలో 7,38,000 డాలర్లకు పోయింది. మన లెక్కలో 5 కోట్లు దాటింది. 1952 టాప్స్ మికీ మాంటిల్ కార్డు 2022 ఆగస్టులో కోటీ 26 లక్షల డాలర్లకు అమ్ముడైంది, అప్పటి లెక్కలో సుమారు 100 కోట్ల రూపాయలు. ఆ సెట్‌లో మిగిలిపోయిన పెట్టెలను అప్పట్లో కొనేవాడు లేక సముద్రంలో పారబోశామని డిజైన్ చేసినాయనే చెప్పాడు. ఆటగాడు ఎవరు, ఎన్ని మిగిలాయి, ఎంత బాగున్నాయి. డిజైన్ వీటి తర్వాతే.

కానీ 'ఎంత బాగుంది' అన్న చోట డిజైన్ మళ్లీ అడ్డొస్తుంది. 1971 టాప్స్ కార్డులకు నల్ల అంచు. చూడ్డానికి దర్జాగా ఉంటాయి, మూల కొంచెం రాసుకున్నా తెల్లగా లేచిపోతుంది. కార్డులకు 1 నుంచి 10 వరకు మార్కులు వేసే సంస్థలున్నాయి, అక్కడ ఆ చిన్న తెల్ల మచ్చకే మార్కు పోతుంది. తెల్ల అంచు ఉంటే అంతగా కనబడదు.

ఉద్దానం గాలికి ఏ కార్డూ ఆగదు

ఇది అమెరికావాళ్ల కంటే మనకు ఎక్కువ అవసరం. రేకులా మెరిసే కార్డుల మీద ఇప్పుడు పిల్లలకు పిచ్చి. ఆ మెరుపు పొరకు తేమ పట్టదు, వెనక అట్టకు పడుతుంది. ఒకవైపు ఉబ్బి, రెండోవైపు ఉబ్బకపోతే కార్డు విల్లులా వంగుతుంది. పొడి ఊళ్లలో ఉన్నవాళ్లే దీని మీద మొత్తుకుంటారు, ఇక వజ్రపుకొత్తూరు, కవిటి, సోంపేట సముద్రపు గాలిలో చెప్పేదేముంది. ఎక్కువ గ్లాసు పూత ఉన్న కార్డులది ఇంకో బాధ. ఏళ్ల తరబడి ఒకదాని మీద ఒకటి ఉంటే అతుక్కుని ఒకే ముద్ద అయిపోతాయి. కలెక్టర్లు వాటిని 'ఇటుకలు' అంటారు.

నాకు అమెరికా దాకా వెళ్లాల్సిన పని లేదు. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా ఇంట్లోకీ నీళ్లొచ్చాయి. అటక మీద రేకు డబ్బాలో నా ట్రంప్ కార్డులున్నాయి. వారం తర్వాత తెరిస్తే నిజంగానే ఇటుక. విడదీయబోతే ఒకడి మొహం ఇంకొకడి వీపుకు అంటుకుని వచ్చింది. ఊళ్లో జీడితోటలు, కొబ్బరితోటలు నేలమట్టమైన రోజులు, కార్డుల గురించి ఎవరితో చెప్పుకుంటాం? అమ్మీ డబ్బా కడిగి అందులో పప్పు పోసింది.

ఉంచుకోవాలనుకుంటే ఒక్కో కార్డూ విడిగా ప్లాస్టిక్ కవర్లో పెట్టి, మూత గట్టిగా పట్టే డబ్బాలో, మందుల సీసాల్లో వచ్చే సిలికా పొట్లాలు రెండు వేస్తే చాలావరకు ఆగుతాయి. గోడకు ఆనించి మాత్రం పెట్టకండి.

మళ్లీ ఆపా ఇంట్లో

మొన్న శుక్రవారం టెక్కలి వెళ్లి వాడికి ముందు ఒక లెక్క వేసి చూపించాను. 50 కార్డుల సెట్, ప్యాకెట్‌కు ఒక కార్డు, కంపెనీ అన్నీ సమానంగా వేసిందనుకుందాం. కొంటూ పోతే మొత్తం సెట్ పూర్తవడానికి సగటున 225 ప్యాకెట్లు కావాలి. చివరి ఒక్క కార్డుకే సగటున 50. పది రూపాయల ప్యాకెట్ అయితే 2,250 రూపాయలు. స్నేహితులతో మార్చుకుంటే ఇందులో చాలా మిగులుతుంది. లోపల ఏముందో తెలియని ప్యాకెట్ కొనడం మీద ఇంట్లో పెద్దవాళ్లకు సందేహం ఉంటే మీ మసీదు మౌలానాను అడగండి, అది నేను చెప్పే మాట కాదు.

తర్వాత ఆ 3 వేల కార్డు. ఫోటో పెద్దది చేసి చూశాం. జెర్సీ మీద టీమ్ గుర్తు లేదు. సంతకం చుట్టూ సన్నటి స్టిక్కర్ గీత ఉంది. వెనకవైపు ఫోటో పెట్టమని అడిగితే అమ్మేవాడు రెండు రోజులు జవాబివ్వలేదు. మూడో రోజు ధర 1,800 చేశాడు, వెనక ఫోటో మాత్రం పెట్టలేదు.

మా వాడే వద్దన్నాడు. పసుపు కార్డు అయితే ఇంకా ఉంది. పక్క వీధి కుర్రాడు దానికి బదులు రెండు కార్డులిస్తానన్నాడట, వాడికి పసుపు ఇష్టమట.