తొర్రకు బదులు గూటిపెట్టె

కాకటీల్ ఆస్ట్రేలియా ఖండానికి చెందిన పక్షి. కాకటూ కుటుంబంలో ఇదే అతి చిన్నది. తలపై నిక్కిన జుట్టు, చెంపలపై నారింజరంగు మచ్చలు దీని ఆనవాళ్లు. ఇది పుల్లలతో గూడు అల్లదు; అడవిలో నీటివనరుల చెంతనున్న నీలగిరి చెట్ల తొర్రలలో గుడ్లు పెడుతుంది. పంజరంలో తొర్ర ఉండదు కనుక పెంపకందారు కొయ్యపెట్టెను అమర్చాలి.

పెట్టె అన్ని వైపులా సుమారు 12 అంగుళాలు, ద్వారం 3 అంగుళాలు ఉంటే చాలు. అడుగున రసాయనాలు కలపని చెక్కపొట్టు పరచి, సందడి లేనిచోట ఎత్తుగా కట్టాలి.

పెట్టె కట్టగానే పక్షులు అందులో చేరవు. వాటిని పట్టి లోపలికి తోయరాదు. బెదిరిన పక్షి పెట్టె దరికే రాదు. అడవిలో వానలు కురిసి, గింజలు సమృద్ధిగా దొరికినప్పుడు ఇవి జతకడతాయి. ఇంటిలోనూ ఆ అనుకూలతను కల్పించాలి. అధిక సమయం వెలుతురు, స్నానానికి నీరు, మొలకెత్తిన గింజలు, ఆకుకూరలు అందించాలి. అప్పుడు సాధారణంగా మగపక్షి ముందుగా పెట్టెను పరిశీలించి, ఈలపాటతో ఆడపక్షిని ఆహ్వానిస్తుంది.

ఆడపక్షి సాధారణంగా 4 నుంచి 6 గుడ్లు పెడుతుంది. పగలు మగపక్షి, రాత్రి ఆడపక్షి పొదుగుతాయి. సుమారు 18 నుంచి 21 రోజులకు పిల్లలు వెలువడతాయి.

అయితే తొందరపాటు ప్రాణాంతకం. ఏడాదిన్నర నిండని, కాల్షియం చాలని ఆడపక్షి కడుపులో గుడ్డు చిక్కుకొని అది మరణించవచ్చు. అందువల్ల ఏడాదికి రెండు విడతలు చాలు. ఆ తరువాత పెట్టెను తొలగించి, తల్లిపక్షికి విశ్రాంతినివ్వాలి. పెట్టెను అమర్చడం ఎంత ముఖ్యమో, సకాలంలో తీసివేయడమూ అంతే ముఖ్యం.